రోజువారీ బతుకులో కథ ఎక్కడ దొరుకుతుంది: చూపు నుంచి చిత్తుప్రతి దాకా

కథ రాయాలని కూర్చున్నవారిలో చాలామంది ముందుగా సంఘటన కోసం వెతుకుతారు. ప్రమాదమో, హత్యో, పెద్ద మోసమో కావాలి. అలాంటివి తమ ఇంట్లోనూ వీధిలోనూ జరగలేదు కాబట్టి తమ దగ్గర కథే లేదని తేల్చుకుంటారు. లేదా ఎక్కడో చూసిన సినిమాకు పేర్లు మార్చి రాసేస్తారు. 1910లో గురజాడ అప్పారావు రాసిన 'దిద్దుబాటు'లో ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన భర్త, కనిపించని భార్య, ఒక ఉత్తరం, ఒక నౌకరు. ఒకే ఇల్లు, ఒకే రాత్రి. శతాబ్దం దాటినా దాన్ని చదువుతూనే ఉన్నాం.

కథకుడు ఆగి చూడాల్సింది పొంతన కుదరని చోట. మనిషి చెప్పేది ఒకటి, చేసేది మరొకటి అయినప్పుడు. ఇవ్వగలిగినదానికీ ఇచ్చినదానికీ లెక్క సరిపోనప్పుడు. రావాల్సిన మనిషి రాకపోయినా, రాకూడని మనిషి వచ్చినా అక్కడ కథ ఉండే అవకాశం ఉంది. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క చూపును అలవాటు చేసుకోవడం గురించి, దొరికినదాన్ని కథ దాకా నడిపించడం గురించి.

1. చూసింది రాయండి, అనిపించింది రాయకండి

జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి చాలు. ఖరీదైన తోలు అట్ట పుస్తకం కొనకండి. అందులో చెత్త రాయడానికి చెయ్యి రాదు, చెత్త రాయకుండా ఈ పని సాగదు. బస్సులోనూ ఆస్పత్రిలోనూ నోటుబుక్కు తీస్తే పక్కవారు జాగ్రత్తపడతారు. అక్కడ ఫోనులో రెండు ముక్కలు కొట్టుకుని, రాత్రి పడుకునే ముందు పుస్తకంలోకి ఎక్కించండి. మర్నాటికి వాయిదా వేస్తే చూసినది పోయి, దాని గురించి మీ అభిప్రాయం మాత్రమే మిగులుతుంది. ఇతరుల మాటల్ని వారికి తెలియకుండా రికార్డు మాత్రం చేయవద్దు. అది మర్యాద కాదు, పైగా రికార్డింగు ఉందనే ధీమాతో చెవి పనిచేయడం మానేస్తుంది.

నోటు ఎలా ఉండాలో చూద్దాం. చాలామంది ఇలా రాస్తారు:

"ఈ రోజు బస్సులో ఒక పేద వృద్ధురాలిని చూశాను. మనసు కలచివేసింది. ఈ సమాజంలో వృద్ధుల పరిస్థితి ఎంత దయనీయం!"

ఆరు నెలల తర్వాత ఇది చదివితే ఏమీ కనిపించదు. ఆ రోజు మీకు జాలి కలిగిందన్న సంగతి తప్ప అందులో ఏమీ లేదు. అదే మనిషి గురించి ఇలా రాసి ఉంటే:

"పల్లెవెలుగు బస్సు. డెబ్భై దాటిన మనిషి. ఒడిలో కొత్త ప్రెషర్ కుక్కరు, అట్టపెట్టెతో సహా. కింద పెట్టమని కండక్టరు అన్నా పెట్టలేదు. దిగబోయే ముందు పెట్టె మీద అంటించిన ధర కాగితాన్ని గోటితో గీకేసింది."

ధర ఎందుకు గీకింది? తక్కువ ధర అని తెలియకూడదనా? ఎక్కువ పెట్టి కొన్నదని తెలిస్తే తిడతారనా? మొదటిది అయితే ఆవిడ కోడలి పుట్టింటికి వెళుతోంది. రెండోది అయితే ఆ డబ్బు కొడుకుకు తెలియనిది. గోటి పని ఒకటే, కథలు రెండు. "మనసు కలచివేసింది" అన్న వాక్యం నుంచి ఒక్క కథ కూడా రాదు.

ఒక పద్ధతి చెబుతాను. పుస్తకంలో ఎడమ పేజీలో మాత్రమే రాయండి. కుడి పేజీ ఖాళీగా వదిలేయండి. ఎడమ పేజీలో మనుషులు, వస్తువులు, చేసిన పనులు, పలికిన మాటలు, రూపాయలు, టైము. కారణాలు అక్కడ రాయకూడదు. కారణం రాసేశారంటే దాని గురించి ఇక ఆలోచించరు. కుడి పేజీతో పని తర్వాత ఉంటుంది.

2. డబ్బు చేతులు మారే చోట, కాగితం మీద సంతకం పడే చోట నిలబడండి

ప్రకృతి ఒడిలోకి వెళ్ళి కూర్చుంటే ప్రేరణ వస్తుందనే సలహా మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. కొండ అందంగానే ఉంటుంది, కానీ దానికి అప్పు ఉండదు. కథకుడికి కావాల్సిన మనుషులు వరుసల్లో నిలబడి ఉంటారు. మీసేవ కేంద్రంలో, ప్రభుత్వాసుపత్రి ఓపీ దగ్గర, తాకట్టు దుకాణంలో, పాఠశాల ఫీజు కౌంటరు ముందు.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండా సంగతే చూడండి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అయినా ఈ రోజుకూ ఆ వరండాల్లో అన్నదమ్ముల పేర హక్కు వదులుకుంటూ సంతకం పెట్టడానికి వచ్చిన అక్కచెల్లెళ్ళు కనిపిస్తారు. చట్టం ఇచ్చింది, చేతులు వదిలేస్తున్నాయి. ఇంతకంటే పెద్ద పొంతన లేనితనం ఏముంటుంది? కానీ దీని మీద వ్యాసం రాయడం సులువు, కథ రాయడమే కష్టం. కథ కావాలంటే చిన్నవి చూడాలి. ఆటో కిరాయి ఎవరిచ్చారు? సంతకం అయ్యాక భోజనానికి ఎవరు పిలిచారు? దస్తావేజు చదివి వినిపిస్తున్నప్పుడు అక్క ఎటు చూసింది? చెల్లెలి భర్త లోపలికి వచ్చాడా, బయట మోటారు సైకిలు మీదే కూర్చున్నాడా? కొత్త చీర పెట్టారా, పెడితే ఆ కవరు ఇంటికి ఎవరు మోశారు?

పెళ్ళిలో అయితే మండపం ఎదుట కూర్చోకండి. అక్కడ అందరూ ఫొటో కోసం సిద్ధంగా ఉంటారు. చదివింపులు రాసే బల్ల పక్కన కుర్చీ వేసుకోండి. మన పెళ్ళిళ్ళలో అంత నిజం మాట్లాడే పుస్తకం మరొకటి లేదు. ఎవరు 116 రాయించారు, ఎవరు 1116, ఎవరు కవరు అంటించి ఇచ్చారు, ఎవరు అక్కడే విప్పించి లెక్క చూపించారు, అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకం బీరువాలో పట్టుచీరల కింద ఏళ్ళ తరబడి ఉంటుంది. అవతలివారింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూస్తారు. వాళ్ళు అప్పుడు ఎంత ఇచ్చారు, ఇప్పుడు మనం ఎంత ఇవ్వాలి? ఈ పుస్తకం దగ్గరికి మళ్ళీ వస్తాం.

3. మీ వృత్తి లోపలి సంగతులు

కథకుల్లో కాళీపట్నం రామారావు లెక్కల మాస్టారు. రష్యన్ రచయిత చెహోవ్ డాక్టరు. మీరు చేసే పని మీకు విసుగ్గా ఉండవచ్చు, పాఠకుడికి అది కొత్త ఊరు. పనిలో చేరినవారు మొదటి వారంలో ఏ చిట్కా నేర్చుకుంటారో, ఏది ఎవరికీ చెప్పకుండా చేస్తారో గుర్తు చేసుకోండి.

మందుల దుకాణంలో నాలుగు మాత్రలు అడిగితే, గడువు తేదీ ముద్రించిన వైపు తమ దగ్గర మిగిలేలా స్ట్రిప్పును కత్తిరిస్తారు. మిగిలినవి అమ్ముకోవాలి కదా. కొన్నవారికి తేదీ లేని ముక్క వెళుతుంది. దుకాణంలో పనిచేసే కుర్రాడికి ఇది రోజూ చేసే పని. ఒక రోజు వాడి తల్లి పరుసులో అలాంటి తేదీ లేని ముక్క కనిపిస్తే?

బంగారం మీద అప్పు ఇచ్చే చోట గీటురాయి మీద నగ గీసి చూసే మనిషికి ముఖాలు గుర్తుండకపోవచ్చు, నగలు గుర్తుంటాయి. జూన్‌లో బడులు తెరిచే వేళకు వచ్చే గొలుసు, సంక్రాంతి ముందు విడిపించుకునే గొలుసు. ఆ గొలుసు ఒక జూన్‌లో రాలేదనుకోండి. పిల్లవాడు చదువు మానేశాడా, ఇంటికి డబ్బొచ్చిందా, లేక గొలుసే అమ్మేశారా? గీటురాయి మనిషి అడగలేడు, అడగడం అతని పని కాదు. అడగలేని మనిషి కథ చెబితే పాఠకుడు అతని తరఫున అడగడం మొదలుపెడతాడు.

కంప్యూటర్ ఉద్యోగమైతే ఇలాంటివి ఉండవనుకోవద్దు. న్యూజెర్సీలో ఆ ఉద్యోగం చేసే కూతురు గుంటూరులో ఉన్న తల్లికి రోజూ ఒకే టైముకు ఫోను చేస్తుంది. నవంబరులో అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పగానే రెండు ఊళ్ళ మధ్య తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నర గంటలకు పెరుగుతుంది. కూతురి టైము మారలేదు, తల్లి టైము మారింది. తల్లి ఆ సంగతి ఎప్పుడూ అనదు. తన పూజో, టిఫినో, మందులో గంట అటూ ఇటూ జరుపుకుంటుంది. ప్రవాస జీవితం మీద తెలుగులో వచ్చే కథల్లో ఒంటరితనం, మంచు, ఆవకాయ మీద బెంగ చాలా చదివాం. ఈ గంట సంగతి నేను ఎక్కువగా చూడలేదు.

4. మాట వినేటప్పుడు వరుస పట్టుకోండి

సంభాషణ రాయడానికి ఎవరేమన్నారో రాసుకోవడం చాలదు. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందన్నది ముఖ్యం. అప్పు అడగడానికి వచ్చినవారు ఎప్పుడూ అప్పుతో మొదలుపెట్టరు. పిల్లల చదువు, మోకాళ్ళ నొప్పి, వానలు, మధ్యలో మీ ఇంటికి కొత్తగా వేయించిన రంగు. రంగు గురించి అడిగారంటే విషయం దగ్గరికి వచ్చినట్టే. లేచి గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వేసుకుంటూ అసలు మాట అంటారు. ఆ చెప్పుల దగ్గరి మాటే మీ సంభాషణకు చివరి వాక్యం. దాని ముందు పేజీన్నర కబుర్లు రాస్తే పాఠకుడికి విసుగు రాదు, ఉత్కంఠ పెరుగుతుంది. ఎందుకంటే మనందరం ఆ గుమ్మానికి అటో ఇటో నిలబడినవాళ్ళమే.

అలాగే జవాబు రాని ప్రశ్నల్ని విడిగా రాసుకోండి. "ఎప్పుడొచ్చావు?" అని అడిగితే "భోజనం చేశారా?" అని జవాబొచ్చింది. ఆ రెండింటి మధ్య ఏదో దాటవేశారు.

మాండలికం గురించి ఒక్క మాట. మీకు చెవిన పడి పెరిగిన యాసలో పాత్రల్ని మాట్లాడించండి, వెనుకాడవద్దు. చెవిన పడని యాసను క్రియల చివర్లు మార్చి తయారు చేయవద్దు. యాస క్రియల చివర్లలో కంటే తిట్టులో, పిలుపులో, పోలికలో, దేన్ని చెప్పకుండా వదిలేస్తారన్నదానిలో ఎక్కువగా ఉంటుంది. శ్రీకాకుళం రచయిత కర్నూలు మాటను అబద్ధంగా రాస్తే కర్నూలు పాఠకుడు రెండో వాక్యానికే పుస్తకం మూసేస్తాడు.

5. పెద్దవాళ్ళను తేదీతో అడగండి, వంటతో అడగండి

"మీ చిన్నప్పుడు ఎలా ఉండేది?" అని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు. అప్పుడు ప్రేమలుండేవి, ఇప్పుడు లేవు. దీనివల్ల కథకుడికి ఒరిగేదేమీ లేదు. ఊరంతటికీ గుర్తున్న తేదీ పట్టుకుని, దాని పక్కన చిన్న ప్రశ్న పెట్టండి.

దివిసీమ వైపు పెద్దవాళ్ళయితే 1977 నవంబరు 19 ఉప్పెన. విశాఖలో 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. కర్నూలులో 2009 అక్టోబరు వరద. "ఎంత నష్టం జరిగింది?" అని అడగకండి, అది పత్రికలు అడిగేశాయి. "నీళ్ళు తీశాక మొదటి వంట ఏం చేశారు? పొయ్యి ఎక్కడ పెట్టారు? బియ్యం ఎవరిచ్చారు?" అని అడగండి. బియ్యం ఎవరిచ్చారో చెబుతూ ఒక మనిషి పేరు చెబుతారు, ఆ మనిషితో ఇప్పుడు మాటల్లేవని చెబుతారు, ఎందుకు లేవో చెప్పరు. అక్కడ ఆగి పుస్తకం తీయండి.

2016 నవంబరు 8 రాత్రి అయిదు వందలు, వెయ్యి నోట్లు రద్దు చేశారు. ఆ నెలలో పెళ్ళి ఉన్న ఇళ్ళు మీ బంధువుల్లో ఒకటైనా ఉండే ఉంటుంది. కవర్లలో ఏ నోట్లు వచ్చాయి? తీసుకున్నారా? తీసుకోకపోతే మొహం మీద ఎలా చెప్పారు? కేటరింగు వారికి ఏమిచ్చారు? ఇవన్నీ ఇంకా చెప్పగలిగిన మనుషులు ఉన్నారు. అడగడానికి ఇదే అదను.

పాత కాగితాలు కూడా ఇలాగే మాట్లాడతాయి. ఇన్లాండ్ లెటర్లు, హాల్ టికెట్లు, పట్టాదారు పాసు పుస్తకాలు, శుభలేఖలు. శుభలేఖలో "ఆహ్వానించువారు" దగ్గర ఎవరి పేరు ఉంది, ఉండాల్సిన ఎవరి పేరు లేదు అన్నది చూడండి.

6. నోటు నుంచి కథకు

ఇప్పటిదాకా చెప్పింది పోగు చేయడం. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, పుస్తకాలు నిండుతాయి, కథలు రావు. కుడి పేజీ మొదలయ్యేది ఇక్కడే. ఒక నోటును తీసుకుని చివరిదాకా నడిపిద్దాం. చదివింపుల బల్ల దగ్గరిది.

ఎడమ పేజీ: "పెళ్ళి. యాభై దాటిన ఆవిడ. రెండు కవర్లు. ఒకటి తన పేర రాయించింది, 516. రెండోది '1116, మా అన్నయ్య పేరు రాయండి' అంది. ఊరు పేరు కూడా చెప్పింది. రెండు కవర్ల మీదా ఒకే చేతిరాత. అన్నయ్య రాలేదు."

తన పేర తక్కువ, అన్న పేర ఎక్కువ. ఇదే పొంతన కుదరని చోటు.

కుడి పేజీలో మొదట "ఎందుకు?" అని రాసి, తట్టిన జవాబులన్నీ వరుసగా రాయండి. మొదటిది: అన్నయ్యకు వీలుకాక డబ్బు పంపి రాయించమన్నాడు. నిజానికి జరిగింది బహుశా ఇదే. కథకు పనికిరాదు, ఎందుకంటే ఇందులో ఎవరూ ఏదీ దాచలేదు. రెండోది: అన్నయ్య అప్పుల్లో ఉన్నాడు, పరువు కోసం చెల్లెలు ఇచ్చింది. బాగానే ఉంది కానీ చెల్లెలి త్యాగం మీదే నడుస్తుంది, త్యాగం కథలు మనకు అవసరానికి మించి ఉన్నాయి. మూడోది: అన్నయ్యకూ పెళ్ళికూతురి తండ్రికీ మాటల్లేవు. చెల్లెలు రెండు ఇళ్ళకూ కావాల్సిన మనిషి. అన్నకు చెప్పకుండా అతని పేరు రాయించింది.

మూడోదాన్ని పట్టుకుందాం. దీనిలో ఒకరికి తెలియనిది ఉంది. తెలియనిది ఉన్నచోట తెలిసే క్షణం కూడా ఉంటుంది. అది ఎప్పుడు? ఇక్కడ ఆచారమే కథను నడిపిస్తుంది. చదివింపుల పుస్తకం పారేసేది కాదు. నాలుగేళ్ళ తర్వాత అన్నయ్య ఇంట్లో పెళ్ళి వస్తుంది. అప్పటి పెళ్ళికూతురి తండ్రి పాత పుస్తకం తీస్తాడు. తనతో తెగతెంపులు చేసుకున్నాడనుకున్న మనిషి పేరు, ఎదురుగా 1116. మెత్తబడతాడా, కోపం తెచ్చుకుంటాడా? ఎలా ఉన్నా బాకీ బాకీయే. పిలుపు రాలేదు కాబట్టి వెళ్ళలేడు. ఇవ్వకుండా ఉండలేడు. ఎవరి చేతికి ఇచ్చి పంపాలి? రెండు ఇళ్ళకూ వెళ్ళే మనిషి ఒక్కతే ఉంది.

అంటే ఆవిడే మళ్ళీ చదివింపుల బల్ల ముందు నిలబడుతుంది. ఈసారి చేతిలో ఉన్నది నిజమైన కవరు. అప్పటి అబద్ధానికి వచ్చిన తిరుగు బాకీ. రాయిస్తే అప్పటి సంగతి బయటపడుతుంది. రాయించకుండా దాచుకుంటే దొంగతనం అవుతుంది.

కథలో అసలు సన్నివేశం దొరికింది. ఇక ఎవరు చెప్పాలన్నది తేల్చుకోవాలి. ఆవిడే చెబితే అన్నీ ముందే తెలిసిపోతాయి, కథంతా సంజాయిషీగా మారుతుంది. అన్నయ్య చెబితే చివరిదాకా ఏమీ తెలియదు, చివర కోపం ఒక్కటే మిగులుతుంది. నేనైతే బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసే కుర్రాడికి, అంటే అన్నయ్య కొడుక్కి, ఈ పని అప్పగిస్తాను. వాడికి సగం తెలుసు. తండ్రి ఆజ్ఞ ఒకవైపు, మేనత్త మీద ప్రేమ మరోవైపు ఉంటాయి. పుస్తకంలో రాయాలా వద్దా అని నిర్ణయించాల్సిన కలం వాడి చేతిలోనే ఉంటుంది. బాధ ఎక్కువ ఎవరికో చూసి కథకుణ్ణి ఎంచుకోవడం మామూలుగా చేసే పని. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో చూసి ఎంచుకుంటే కథ కదులుతుంది.

మొదలు ఇలా ఉండవచ్చు:

"కొత్త పుస్తకం నాలుగు మూలలకూ పసుపు రాసి నా చేతికిస్తూ నాన్న ఒక్క మాటే చెప్పాడు. 'వెంకటాపురం వాళ్ళ పేరుతో కవరు వస్తే తీసుకోకు.' వాళ్ళను పిలవలేదు కదా, ఎందుకు వస్తుందని నేను అడగలేదు. పదకొండింటికి అత్త వచ్చింది. సంచిలోంచి రెండు కవర్లు తీసింది."

చూసినదానిలో ఏం మిగిలిందో గమనించండి. రెండు కవర్లు, ఒక బల్ల, ఒక ఆడమనిషి. మిగతాదంతా కల్పన. కానీ ఆ కల్పన గాల్లోంచి రాలేదు. చదివింపులు తిరిగి ఇవ్వాలన్న పద్ధతి, పిలవని పెళ్ళికి వెళ్ళకూడదన్న పట్టింపు, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడటంతో పుట్టింది. అందుకే కుడి పేజీలో ఎప్పుడూ ఈ ప్రశ్న కూడా రాయండి: ఇక్కడ ఏ రెండు మర్యాదలు ఢీకొంటున్నాయి? మంచివాడూ చెడ్డవాడూ ఢీకొంటే ఎవరు గెలవాలో పాఠకుడికి ముందే తెలుసు. రెండు మర్యాదలు ఢీకొంటే తెలియదు.

నోటు రాసిన వెంటనే ఈ పని చేయకండి. కొన్ని వారాలు మాగనివ్వండి. ఎడమ పేజీలు తిరగేస్తున్నప్పుడు చాలా నోట్లు చప్పగా అనిపిస్తాయి, ఒకటో రెండో మళ్ళీ గుచ్చుకుంటాయి. గుచ్చుకున్నవాటితోనే పని. ఏదీ గుచ్చుకోకపోతే సంబంధం లేని రెండు నోట్లను కలిపి చూడండి. ధర కాగితం గీకిన ముసలావిడను చదివింపుల బల్ల ముందు నిలబెడితే ఏమవుతుంది? ఆవిడ తెచ్చింది డబ్బు కాదు, కుక్కరు. పుస్తకంలో వస్తువు పేరు రాసి, విలువ ఎంతని అడుగుతారు.

7. మనిషిని మరుగుపరచడం

1892లో చెహోవ్ కథ ఒకటి అచ్చయింది. డాక్టరు భార్య, ఆవిడకు దగ్గరైన చిత్రకారుడు అందులో పాత్రలు. నిజజీవితంలో చిత్రకారుడు ఇసాక్ లెవితాన్ చెహోవ్‌కు ఆప్తమిత్రుడు. లెవితాన్‌కు సన్నిహితురాలైన ఒక వివాహిత చిత్రకారిణి, ఆవిడ డాక్టరు భర్త కూడా చెహోవ్‌కు బాగా తెలిసినవారే. కథ అచ్చయ్యాక లెవితాన్ చెహోవ్‌తో మాట్లాడటం మానేశాడు. 1895 మొదట్లో గానీ వారు మళ్ళీ కలవలేదు. నలభై రెండేళ్ళ ఆవిడ ఇరవై ఏళ్ళ నాయికలో తనను చూసుకుంటే నేనేం చేయనన్నట్టు చెహోవ్ ఒక ఉత్తరంలో విసుక్కున్నాడు.

వయసు మార్చాడు, రూపం మార్చాడు, అయినా గుర్తుపట్టారు. ఎందుకంటే బంధాల అల్లికను మార్చలేదు. డాక్టరు డాక్టరుగానే ఉన్నాడు, చిత్రకారుడు చిత్రకారుడిగానే ఉన్నాడు. మనవాళ్ళు చేసే పొరపాటు కూడా ఇదే. పేరు, రంగు, ఊరు మార్చి, మావయ్య వదిలేసిన ఉద్యోగాన్నీ, పిన్ని అమ్ముకున్న పొలాన్నీ అలాగే ఉంచేస్తారు. మార్చాల్సింది కీలు దగ్గర. ఇద్దరు అన్నదమ్ముల తగాదాను ఒక తల్లికీ కూతురికీ మార్చండి. పొలం గొడవను దుకాణం అద్దె గొడవ చేయండి. ఇలా మార్చడంలో రెండో లాభం కూడా ఉంది. జరిగింది జరిగినట్టు రాయాలన్న బరువు దిగిపోయి, పాత్రలు తమ పని తాము చేయడం మొదలుపెడతాయి. "నిజంగా ఇలాగే జరిగిందండీ" అన్నది కథకు సమర్థన కాదు.

నమ్మి చెప్పిన రహస్యాన్ని వాడవద్దు. వృత్తి వల్ల తెలిసిన రోగి వివరం, ఖాతాదారు వివరం అసలే వాడవద్దు. ఇంటిపేరూ ఊరూ జంటగా వాడేటప్పుడు ఒకసారి ఆగండి, ఆ జంట నిజంగా ఎక్కడో ఉండవచ్చు. పై కథలో వెంకటాపురం అన్నది అందుకే. రెండు రాష్ట్రాల్లోనూ ఆ పేరుతో ఎన్ని ఊళ్ళున్నాయో లెక్కలేదు. ఏ ఊరివారూ తమదే అని పట్టుబట్టలేరు.

8. సరిచూసుకోవడం, ముందువారిని చదవడం

కల్పనలో కూడా నాట్లు నాట్ల కాలంలోనే పడాలి, ముహూర్తాలు లేని మూఢంలో పెళ్ళి జరగకూడదు, 1985లో జరిగే కథలో ఎవరి చేతిలోనూ మొబైలు ఫోను ఉండకూడదు. తెలియనిది ఆ పని చేసేవారిని అడిగితే చెబుతారు, సంతోషంగా చెబుతారు. అయితే సేకరించిందంతా కథలో కుక్కకండి. చదివింపుల లెక్కల మీద మీకు పది పేజీల సమాచారం ఉండవచ్చు, కథకు కావాల్సింది ఎవరు ఎంత రాయించారన్నది మాత్రమే.

మీరు ఎంచుకున్న వస్తువు మీద ముందు ఎవరు ఎలా రాశారో చదవండి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం పని తెలుగు కథల్ని సేకరించి భద్రపరచడమే. వారు సేకరించిన కథల్లో చాలా భాగం ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతుంది. ఆస్తి పంపకాల మీద రాయాలనుకుంటే ఆ కథలు కొన్ని చదివి, ఏ మలుపు అందరూ వాడేశారో చూసి, ఆ మలుపును పక్కన పెట్టండి. ముందే చదివితే ప్రభావం పడుతుందని భయపడేవారున్నారు. చదవనివారి మీదే ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది, తెలియకుండా అరిగిపోయిన దారినే పడతారు కాబట్టి.

9. వాడిన నోటు

చిత్తుప్రతి పూర్తయ్యాక ఎడమ పేజీలోని నోటు మీద అడ్డగీత కొట్టి, పక్కన కథ పేరు, తేదీ రాయండి. గీత అవసరం. బాగా పేలిన వివరాన్ని రచయిత మరచిపోలేడు, మరో కథలో మళ్ళీ వాడేస్తాడు. పాఠకుడు మాత్రం ధర కాగితం గీకిన ముసలావిడను రెండు కథల్లో చూస్తే వెంటనే పట్టేస్తాడు. అడ్డగీత పడని నోట్లున్న పుస్తకాన్ని నిండిపోయిందని అటక మీదికి తోయకండి. కొత్త పుస్తకం మొదలుపెట్టే రోజున పాతది తీసి, ఇంకా గుచ్చుకుంటున్నవాటిని మొదటి పేజీల్లోకి చేత్తో తిరగరాయండి. ఫొటో తీస్తే చాలదు. తిరగరాస్తున్నప్పుడు, పోయినసారి రాయకుండా వదిలేసినదేదో గుర్తొస్తుంది. గుర్తొచ్చినదాన్ని కుడి పేజీలో రాయండి.